నీళ్లు అడగని పచ్చదనం

అనంతపురంలో ఇంటి చుట్టూ పచ్చగా ఉండాలని కోరుకునేవారికి శుభవార్త. మొక్కలతో పని లేకుండానే, ప్లాస్టిక్ ఆకులతో పచ్చదనం సాధించే పద్ధతి మా వీధిలో దిగ్విజయంగా అమలవుతోంది.

అసలు మొక్కతో వచ్చే చిక్కులు ఎన్నని? నీళ్లు కావాలంటుంది. ఎండకు వాడిపోతుంది. అడక్కుండానే ఆకులు రాలుస్తుంది. మేక కంట పడితే ఆ పూటతో సరి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఊళ్లో, బిందె నీళ్ల కోసం కుళాయి కాడ మాటామాటా అనుకునే జనం మధ్య, ఇన్ని కోరికలున్న జీవిని సాకడం మధ్యతరగతి వాళ్ల వల్ల అయ్యే పనేనా?

దీనికి చారిత్రక కారణం కూడా ఉంది. తిమ్మమ్మ మర్రిమాను మొన్నమొన్నటి దాకా మా జిల్లాదే. ఒక్క మాను, వెయ్యికి పైగా ఊడలు, దాదాపు ఐదెకరాల నీడ. 1989లోనే గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు అది శ్రీ సత్యసాయి జిల్లా వాటాకు పోయింది. చెట్టు ఉన్నచోటే ఉంది, నీడ మాత్రం మాకు కాకుండా పోయింది. ఐదెకరాల నీడ ఒక్క సంతకంతో పోగొట్టుకున్న జిల్లా ప్లాస్టిక్‌ను ఆశ్రయిస్తే తప్పు పట్టడం న్యాయం కాదు.

మా ఎదురింటాయన మొదట అసలు మొక్కలతోనే ప్రయత్నించాడు, పాపం. బెంగళూరు నుంచి డిజైనర్‌ను పిలిపించి ఇంటి ముందుగోడకు వర్టికల్ గార్డెన్ పెట్టించాడు. గోడ నిండా చిన్న చిన్న జేబులు, జేబుకో మొక్క, పైనుంచి సన్నటి డ్రిప్పు గొట్టం, టైమర్ పెట్టిన మోటారు. పడమటి గోడ గదా అప్పా, మధ్యాహ్నం ఎండకు అక్కడ బల్లి కూడా నిలబడదే అని నేనన్నాను. డిజైనర్ ల్యాప్‌టాప్‌లోని బొమ్మ చూపించాడు. బొమ్మలో ఎండ లేదు.

నీళ్లలో ఉప్పు ఎక్కువ కాబట్టి డ్రిప్పు గొట్టం చిల్లులు సంక్రాంతికే పూడుకుపోయాయి. ఉగాదికి గోడంతా జేబుల్లో ఎండుగడ్డి పెట్టుకుని నిలబడింది. అప్పుడు మా ఎదురింటాయనకు జ్ఞానోదయమై, ఆ జేబుల్లోనే ప్లాస్టిక్ ఆకులు గుచ్చాడు. ఇప్పుడు వారానికోసారి తడిబట్టతో తుడుస్తాడు. వచ్చేపోయేవాళ్లంతా మెచ్చుకుంటున్నారు. తేడా కనిపెట్టింది ఒక్క తేనెటీగ. అదీ రెండోసారి రాలేదు.

ఈ స్ఫూర్తితో ఆయన మేడమీద పచ్చటి తివాచీ గడ్డి వెలిసింది. ఎండలో అది నిజం గడ్డికన్నా చాలా ఎక్కువ కాలుతుంది కాబట్టి మే నెలలో దానిమీద కాలు పెట్టినవాడు రెండో కాలు పెట్టడు. అందువల్ల గడ్డి నలగదు. కింద పడకగదిలో ఏసీ పెద్దది బిగించాల్సి వచ్చింది. దాని డబ్బా వేడిగాలిని మా వంటింటి కిటికీ వైపు వదులుతుంది. చూడ్డానికి బాగుండదని ఆ డబ్బాకు కూడా ప్లాస్టిక్ తీగ చుట్టారు.

ఇంత చెప్పాక గ్రీన్ రూఫ్ గురించి చెప్పకపోతే అన్యాయం. విదేశాల్లో ఇప్పుడు ఇంటి కప్పు మీద మట్టి పోసి గడ్డి పెంచుతున్నారట. అడుగున నీరు దిగని పొర, దానిమీద వేర్లు చొరబడని పొర, ఆపైన నీళ్లు జారే పొర, అన్నిటికన్నా పైన మట్టి. కింద గది చల్లగా ఉంటుందట. ఆ డిజైనర్ ఇది కళ్లు మూసుకుని, గుండెమీద చెయ్యి పెట్టుకుని చెప్పాడు.

నేను సిగ్గుతో తల వంచుకున్నాను. మా తాత ఊళ్లో ఉన్నది మట్టిమిద్దె. దూలాలు, దంతెలు, వాటిమీద బోద, ఆపైన జానెడు మందాన చౌడుమన్ను. తొలకరి పడి నాలుగు రోజులయ్యేసరికి మిద్దె మీద పచ్చగా గడ్డి లేచేది. తాత దాన్ని వరల్డ్ క్లాస్ డిజైన్ అని గుర్తించలేకపోయాడు. వేర్లు దిగితే కారుతుందని పంచె ఎగగట్టుకుని నిచ్చెన ఎక్కి, పీకి, దూడకు వేసేవాడు. ఎండాకాలం మధ్యాహ్నం లోపల చల్లగా ఉంటే అది పేదరికమనుకున్నాం. నాన్నకు ఉద్యోగం రాగానే మిద్దె కూల్చి, స్లాబు పోసి, ఫ్యాను కింద చెమటలు కక్కుతూ గౌరవంగా బతికాం. ఇప్పుడు ఆ గడ్డినే చదరపు అడుగు లెక్కన కొనమంటున్నారు. దూడ లేదు గానీ, మిగతాదంతా ప్యాకేజీలో వస్తుంది.

అవ్వది ఇంకా పెద్ద తప్పు. గిన్నెలు తోమిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు సన్న కాలువలో అరటిచెట్టు మొదట్లోకి మళ్లించేది. ఆ పక్కనే కరివేపాకు, దడిమీద కాకర తీగ. వ్యర్థ జలాల పునర్వినియోగం అనే మాట ఆమె జన్మలో వినలేదు. బిల్లు వేయడం కూడా తెలియదు.

వంద చదరపు మీటర్ల స్లాబు మీద మా ఊరి వానే ఏడాదికి 55,000 లీటర్లు కురుస్తుంది. అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పదకొండు. ఈ లెక్కను అసోసియేషన్ మీటింగులో చెప్పాను. అందరూ ఆసక్తిగా విన్నారు. తర్వాత ట్యాంకరు వాడి ఫోన్ నంబరు మారిందా అని అడిగారు.

అసలు చెట్టే కావాలని మొండికేసేవాళ్లకు కోనోకార్పస్ ఉండనే ఉంది. ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. సముద్ర తీరాల చెట్టును కరువు సీమలో నాటడం మన సాహసం. గుజరాత్ వాళ్లు 2023లో దాన్ని నాటొద్దని నిషేధించారు, వాళ్లకు ధైర్యం చాలలేదు.

ఇక మా వీధి మొదట్లోని వేపచెట్టు సంగతి. అది కార్ల మీద ఆకులు, పిందెలు, పిట్ట రెట్టలు వేస్తోందని ఏకగ్రీవంగా తీర్మానించి కొట్టించాం. మరుసటి వారం కార్లు పెనాల్లా కాలాయి. మళ్లీ ఏకగ్రీవంగా నాలుగు ఇనుప స్తంభాలు పాతి పైన గ్రీన్ షేడ్ నెట్ కట్టించాం. గాలికి కొట్టుకుపోకుండా ఒక మూల తాడును వేప మొద్దుకే కట్టారు. ఆ మొద్దు ఇప్పుడు చిగురేస్తోంది.

"ఏమప్పా, ఈ చిగురు పీకేయాల్నా, ఉంచాల్నా?" అని వాచ్‌మన్ అడిగాడు. డిజైన్‌లో లేనిది ఉంచితే ఎట్లా? పీకించి, మొద్దు బోసిగా కనపడకుండా దానికి పచ్చరంగు వేయించాలని నిర్ణయమైంది. చిలకపచ్చా, సీసాపచ్చా అన్నది ఆదివారం మీటింగులో తేలుస్తారు.