ముద్దుకి ఒక గిన్నె సూప్: డిస్టోపియా కథల్లో ప్రేమ సంగతి

యంగ్ అడల్ట్ డిస్టోపియా నవలల (టీనేజర్ల కోసం రాసే, మనుషుల్ని అణిచేసే భయంకర లోకాల కథల) మాట ఎత్తితే చాలు "ఆ లవ్ ట్రయాంగిల్ లేకపోతే ఎంత బాగుండేదో, కథంతా పాడు చేసింది" అనేస్తారు చాలామంది. నాకైతే అది సగమే నిజం అనిపిస్తుంది. ఆ ప్రేమకీ ఆ లోకానికీ పొంతన లేనప్పుడే కథ పాడవుతుంది.

2008లో సుజాన్ కాలిన్స్ రాసిన 'ది హంగర్ గేమ్స్' చూడండి. అందులో ప్రభుత్వం ఏటా లాటరీలో పిల్లల పేర్లు తీసి, వాళ్లు ఒకరినొకరు చంపుకునే ఆటని టీవీలో చూపిస్తుంది, కాట్నిస్ అనే అమ్మాయి, పీటా అనే అబ్బాయి ఆ ఆటలో ఉన్నారు. గుహలో పీటా కాలి గాయంతో, ఒళ్లు కాలిపోయే జ్వరంతో పడుంటాడు, కాట్నిస్ ముద్దు పెట్టాక పారాచూట్‌లో వేడి సూప్ గిన్నె దిగుతుంది, అంటే టీవీ చూసేవాళ్లకి ఈ ప్రేమకథ నచ్చితేనే స్పాన్సర్లు డబ్బు పెడతారు, నచ్చకపోతే ఆ పిల్లాడు చచ్చిపోతాడు. పేజీలకి పేజీలు చరిత్ర చెప్పక్కర్లేకుండా ఆ దేశం ఎలా నడుస్తోందో ఆ ఒక్క ముద్దులో తెలిసిపోయింది కదా! పైగా తను ప్రేమిస్తోందో నటిస్తోందో ఆ అమ్మాయికే అర్థం కాదు, మనసుని అంతలా గజిబిజి చేసింది కూడా ఆ ప్రభుత్వమే.

అటు కాట్నిస్‌తో కలిసి వేటాడే స్నేహితుడు గేల్ ఉన్నాడు. ఇంట్లోవాళ్ల తిండిగింజల కోసం లాటరీలో పేరు మళ్లీ మళ్లీ వేయించుకుంటూ వచ్చాడు, 18 ఏళ్లకి అతని పేరు మీద 42 చీటీలు. అతని కోపం ఎక్కడిదో ఆ నంబర్ చూస్తే తెలుస్తుంది, ఆ కోపం తర్వాత యుద్ధంలో ఎటు తీసుకెళ్లిందో చదివినవాళ్లకి తెలుసు. ఇద్దరబ్బాయిల్లో ఎవరు అనే ప్రశ్న అక్కడికొచ్చేసరికి ఎలా బతకాలి అనే ప్రశ్న అయిపోతుంది.

అలీ కాండీ 'మ్యాచ్డ్' (2010)లో ఎవరికి ఎవరు జోడీనో 'సొసైటీ' అనే ప్రభుత్వమే తేల్చేస్తుంది. నాకు బాగా నచ్చింది మాత్రం వేరే విషయం, అక్కడ జనం చేత్తో రాయడమే మర్చిపోయారు, కై అనే కుర్రాడు కథానాయిక కాసియాకి అక్షరాలు దిద్దిస్తాడు. ప్రేమా అదే తిరుగుబాటూ అదే.

లారెన్ ఆలివర్ 'డెలీరియం' (2011)లో ప్రేమ అంటే రోగం, 18 ఏళ్లు రాగానే ఆపరేషన్. ఐడియా అద్భుతం, కానీ దీనివల్ల ఎవరికి ఏం లాభం అన్నది నాకు అంతగా కనిపించలేదు, ప్రేమని నిషేధించడానికే కట్టిన లోకంలా అనిపించింది.

నేను ఒకటి చూసుకుంటా. ఆ జంటని తీసుకెళ్లి మామూలు కాలేజీలో పెడితే కథ ఏమైనా మారుతుందా? మారకపోతే వెనకున్న గోడలు, సైనికులు అంతా ఉత్త సెట్టింగే.

కాట్నిస్ కథ అలా మార్చలేం. పిల్లల్ని కననని మొదట్లోనే అనుకుంటుంది, కంటే ఆ చీటీల్లో వాళ్ల పేర్లూ ఉంటాయి కాబట్టి. గేమ్స్ ఆగిపోయాక, పీటా పక్కనే ఉన్నా, ఆమె సరే అనడానికి 15 ఏళ్లు పట్టింది.