టండ్రా తలరాత మంచు కిందే ఉంది

2013 నవంబరులో రష్యాలోని యమల్ ద్వీపకల్పంలో, మంచు మాత్రమే కురవాల్సిన రోజుల్లో వాన పడింది. ఆ నీరు అప్పటికే పేరుకున్న మంచులోకి ఇంకి, ఆ వెంటనే విరుచుకుపడిన చలికి గడ్డకట్టి, మేత మీద గాజుపలకలా పరుచుకుంది. గిట్టలతో మంచు తవ్వి కింది లైకెన్లను (నేలను, రాళ్లను అంటుకుని పెరిగే నాచులాంటి జీవులను), ఎండుగడ్డిని తినే రెయిన్‌డీర్లు ఆ పలకను పగలగొట్టలేకపోయాయి. నేనెట్స్ సంచార కాపరుల మందల్లో ఆ చలికాలం దాదాపు 61,000 రెయిన్‌డీర్లు ఆకలితో చనిపోయాయి. ఎముకలు కొరికే చలిలో వేల ఏళ్లుగా బతికిన జంతువు, చలి కాస్త సడలిన పూట ప్రాణం విడిచింది.

ఆర్కిటిక్ గురించి మనం చదివే కథనాలు ఎక్కువగా వేసవి చుట్టూనే తిరుగుతాయి. కరుగుతున్న మంచుఫలకాలు, వాటి మీద దిక్కులేకుండా నిలబడిన ధ్రువపు ఎలుగు మనకు అలవాటైన దృశ్యాలు. ఆ ఎలుగు ఆడది టండ్రా నేల మీదే గుహ చేసుకుని పిల్లల్ని కన్నా, వేటకు నమ్ముకున్నది మాత్రం సముద్రపు మంచునే. చెట్లు పెరగని, అడుగున ఏళ్ల తరబడి కరగని పెర్మాఫ్రాస్ట్ పరుచుకున్న టండ్రా నేలది వేరే కథ. 1979 నుంచి ఆర్కిటిక్ ప్రాంతం భూగోళ సగటు కంటే దాదాపు నాలుగు రెట్ల వేగంతో వేడెక్కిందని 2022లో వెలువడిన అధ్యయనం తేల్చింది. అయితే ఆ వేడి వల్ల టండ్రాలో ఏది మిగులుతుంది, ఏది పోతుంది అన్నది వేసవి ఉష్ణోగ్రత కంటే చలికాలపు మంచు నాణ్యత మీదే ఎక్కువగా ఆధారపడి ఉందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

దీన్ని అర్థం చేసుకోవడానికి ఎలుగును, రెయిన్‌డీర్‌ను పక్కనపెట్టి గుప్పిట్లో ఇమిడే లెమ్మింగ్‌ను చూడాలి. చుంచెలుకను తలపించే ఈ జంతువు చలికాలమంతా నిద్రపోదు, దక్షిణానికి వలసపోదు. నేలలోని వెచ్చదనం వల్ల మంచు అడుగు పొర పంచదార పలుకుల్లా విడివిడిగా మారుతుంది. పైన గాలి మైనస్ 30 డిగ్రీల్లో ఉన్నా, ఆ పొరలో ఉష్ణోగ్రత గడ్డకట్టే స్థాయికి కొద్ది డిగ్రీలు మాత్రమే తక్కువగా ఉంటుంది. లెమ్మింగ్ అక్కడే సొరంగాలు తవ్వుకుని, గడ్డితో గూడు కట్టుకుని, నాచును, మరుగుజ్జు విల్లో కొమ్మల్ని కొరుకుతూ, నడి చలికాలంలోనే పిల్లల్ని కంటుంది. మూడు నాలుగేళ్లకోసారి వీటి సంఖ్య ఒక్కసారిగా ఎగసి, మళ్లీ కుప్పకూలుతుంది. ఇవి గుంపులుగా కొండచరియల మీంచి దూకి ఆత్మహత్య చేసుకుంటాయన్న కట్టుకథ 1958లో వచ్చిన ఒక డాక్యుమెంటరీలో కెమెరా కోసం అల్లిన దృశ్యాలతో లోకమంతా పాకింది. అసలు కథ అంతకంటే ఆసక్తికరమైనది. మంచు మీద వాన పడి అడుగు పొర గట్టిపడితే సొరంగాలు మూసుకుపోతాయి, మేత అందదు, చలికాలపు కాన్పులు ఆగిపోతాయి, దాంతో ఎగసే ఏడు రాకుండా పోతుంది.

ఈశాన్య గ్రీన్‌లాండ్‌లో సరిగ్గా అలాంటి పరిణామమే కనిపించింది. అక్కడి ఆహారపు గొలుసు చాలా చిన్నది. వేటకు దొరికేది ప్రధానంగా లెమ్మింగ్ ఒక్కటే కాగా, దాన్ని వేటాడేవి నాలుగు: ముంగిసను తలపించే స్టోట్, ఆర్కిటిక్ నక్క, మంచు గుడ్లగూబ, పొడుగు తోక స్కువా పక్షి. 2000 ప్రాంతంలో అక్కడి లెమ్మింగ్ చక్రం ఆగిపోయింది, సంఖ్య ఎప్పుడూ అడుగుమట్టంలోనే ఉండిపోయింది. ఆ తర్వాత ఒక పరిశీలన కేంద్రం దగ్గర మంచు గుడ్లగూబ పిల్లల ఉత్పత్తి 98 శాతం పడిపోయింది. స్కువా దీర్ఘాయుష్షు గల పక్షి కాబట్టి మంచి ఏడాది కోసం ఎదురుచూడగలదు. లెమ్మింగ్ లేని ఏడు అది గుడ్లు పెట్టదు. కానీ ఎదురుచూపు ఎంత కాలం సాగుతుంది? పెద్ద పక్షులు ఆకాశంలో తిరుగుతున్నంత కాలం చూసేవారికి అంతా బాగానే ఉన్నట్టు తోస్తుంది. పిల్లలు లేని ఊరిలాంటి ఆ పరిస్థితి జాతుల జాబితాలోకి ఎక్కదు.

అన్నిచోట్లా ఇదే జరుగుతోందని చెప్పడం మాత్రం తొందరపాటు. దక్షిణ నార్వే కొండల్లో 1994 తర్వాత లెమ్మింగ్‌ల ఎగసిపాటు ఆగిపోయిందని, మంచు గట్టిపడటమే దానికి కారణమని 2008లో పరిశోధకులు వాదించారు. అయితే 2010, 2011 సంవత్సరాల్లో స్కాండినేవియాలో అవి మళ్లీ పెద్ద ఎత్తున పెరిగాయి. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో చలికాలపు వానలు పెరిగినా, వేటవల్ల ఒకప్పుడు అంతరించే దశకు చేరి 1925లో రక్షణ పొందిన అక్కడి రెయిన్‌డీర్లు ఇప్పుడు 20,000 దాటాయి, ఎందుకంటే పొడుగైన వేసవి వాటికి ఎక్కువ మేతనిస్తోంది. వేడెక్కడమనే ఒకే కారణం ఒక చోట ఆకలిని, మరో చోట ఎదుగుదలను తెచ్చిందంటే, సగటు లెక్కలతో టండ్రాను అంచనా వేయడం ఎంత ప్రమాదమో తెలుస్తుంది.

ఇక మొక్కల సంగతి. ఉపగ్రహ చిత్రాల్లో ఆర్కిటిక్ పచ్చబడుతోందన్న వార్తను కొందరు శుభవార్తగా చదువుతున్నారు. అలాస్కాలో 1940ల నాటి విమాన ఛాయాచిత్రాలను అర్ధశతాబ్దం తర్వాత అవే చోట్ల తీసిన వాటితో పోల్చితే ఆల్డర్, విల్లో, మరుగుజ్జు బిర్చ్ పొదలు విస్తరించినట్టు స్పష్టంగా తెలిసింది. ఈ పచ్చదనం వైవిధ్యమేమీ కాదు. అలాస్కాలోని టూలిక్ సరస్సు దగ్గర తొమ్మిదేళ్లపాటు గాలిని వేడిచేసి, నేలకు ఎరువు వేసి చేసిన ప్రయోగాల్లో మరుగుజ్జు బిర్చ్ దట్టంగా అల్లుకుంది గానీ, మొక్కల జాతుల సంఖ్య 30 నుంచి 50 శాతం తగ్గింది. పొదల నీడన లైకెన్లు, నాచులు నిలదొక్కుకోలేవు. లైకెన్ ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లే పెరుగుతుంది కాబట్టి ఒకసారి పోతే అది తిరిగి రావడానికి దశాబ్దాలు పడుతుంది, అదే రెయిన్‌డీర్‌కు చలికాలపు ఆధారం. పైగా పొదలు గాలికి కొట్టుకొచ్చే మంచును పట్టి నిలబెడతాయి. ఆ మందపు దుప్పటి కింద నేల చల్లబడక, పెర్మాఫ్రాస్ట్ మరింత సులువుగా సడలుతుంది. అంటే పచ్చదనపు ప్రభావం కూడా చివరికి చలికాలంలోనే బయటపడుతోంది. గ్రీన్‌లాండ్‌లోని కాంగర్లుసువాక్ దగ్గర కస్తూరి ఎద్దులు, రెయిన్‌డీర్లు మేసే చోట మొక్కల వైవిధ్యం నెమ్మదిగా తగ్గుతుండగా, వాటిని కంచె వేసి దూరంగా ఉంచిన చోట వేగంగా తగ్గింది. మేసే జంతువులే పొదలను అదుపులో పెట్టే తోటమాలులన్నమాట.

దాదాపు 2,200 జాతుల పూల మొక్కలు, ఫెర్న్‌లు ఉన్న ఈ నేలను ఉష్ణమండల అడవితో పోల్చి తక్కువ చేసి చూడటం సబబు కాదు. అడవిలో ఒక జాతి పోతే దాని పనిని సగమైనా చేసే మరొకటి దొరికే అవకాశం ఉంటుంది. టండ్రాలో ఒక పనికి ఒకే జాతి ఉన్న చోట ప్రత్యామ్నాయం ఉండదు. కొత్తగా వచ్చేవి ఆ ఖాళీని నింపవు, వేరే పని మొదలుపెడతాయి. పశ్చిమ అలాస్కాలో కొమ్మలతో వాగులకు అడ్డుకట్టలు వేసే బీవర్లు అనే జంతువులు కట్టిన చెరువులు ఈ శతాబ్దపు తొలి రెండు దశాబ్దాల్లో దాదాపు రెట్టింపై 11,000 దాటాయి, వాటి నీటి వెచ్చదనానికి చుట్టూ ఉన్న పెర్మాఫ్రాస్ట్ కరుగుతోంది. ఎర్ర నక్క ఉత్తరానికి వెళ్లి ఆర్కిటిక్ నక్క బొరియల్ని ఆక్రమిస్తోంది.

ఈ గొలుసు చివరి కొస మన తీరంలో కూడా ఉంది. పులికాట్ సరస్సు ఒడ్డున, కోరింగ బురదమేటల మీద చలికాలంలో గుంపులుగా దిగే కర్లూ శాండ్‌పైపర్ అనే వంపు ముక్కు ఉల్లంకి పిట్ట గుడ్లు పెట్టేది ఉత్తర సైబీరియాలోని టండ్రాలో మాత్రమే. అక్కడి తైమిర్ ద్వీపకల్పంలో లెమ్మింగ్‌లు సమృద్ధిగా ఉన్న ఏడు నక్కలు వాటితో కడుపు నింపుకుని పక్షుల జోలికి పోవు. లెమ్మింగ్‌లు కూలిన ఏడు అవే నక్కలు గూళ్లను దోచుకుంటాయి. దక్షిణాఫ్రికా తీరంలో ఈ పక్షుల గుంపుల్లో పిల్ల పక్షుల వాటాను ఏళ్ల తరబడి లెక్కించిన శాస్త్రవేత్తలకు, ఆ తీరంలో లేనే లేని లెమ్మింగ్‌ల మూడేళ్ల లయ ఆ అంకెల్లో కనిపించింది. 2024లో ఈ పక్షిని అంతర్జాతీయ ఎర్ర జాబితాలో ముప్పు ఎదుర్కొంటున్న వర్గంలోకి చేర్చారు. అందుకు దారిపొడవునా తగ్గుతున్న బురదమేటలు కూడా కారణమే, అంతా లెమ్మింగ్ మీద నెట్టేయలేం.

టండ్రా పరిశోధనలో పెద్ద లోటు చలికాలపు పరిశీలనే. జీవశాస్త్రజ్ఞులు జూన్‌లో వెళ్లి ఆగస్టులో తిరిగొస్తారు. అసలు ఘట్టం వారు లేనప్పుడు జరిగిపోతుంది. స్వాల్‌బార్డ్‌లో 2008లో ప్రారంభమైన మన దేశపు హిమాద్రి పరిశోధన కేంద్రం నుంచి కూడా తొలి చలికాలపు యాత్ర 2023 డిసెంబరులోనే మొదలైంది. పైగా ఆర్కిటిక్ తీరంలో సగం రష్యాది కాగా, 2022 యుద్ధం తర్వాత పాశ్చాత్య శాస్త్రవేత్తలకు అక్కడి క్షేత్రాల సమాచారం చాలావరకు అందకుండా పోయింది. ఆ సమాచారంలో కొంత మన దగ్గరే సేకరించవచ్చు. తొలి చలికాలంలో వచ్చే పిల్ల ఉల్లంకిలకు వీపు ఈకల అంచులు లేత గోధుమ రంగులో పొలుసుల్లా ఉంటాయి, టెలిస్కోప్ ఉన్న పక్షి ప్రేమికుడు వాటిని గుర్తుపట్టగలడు. పులికాట్‌లో, కోరింగలో ఏటా జనవరిలో నీటిపక్షుల గణన చేసే ఔత్సాహికులు అక్టోబరులో మరోసారి వెళ్లి, మొత్తం సంఖ్యతో పాటు పిల్ల పక్షుల వాటాను విడిగా రాసిపెడితే, ఆ ఏడు తైమిర్‌లో నక్కలు ఏం తిన్నాయో సూళ్లూరుపేట దగ్గర కూర్చుని కొంతవరకు చెప్పవచ్చు.