మహారాజశ్రీ మా హాల్లో టీవీ గారికి

మా హాల్లో గోడకి వేలాడుతున్న నలభై మూడు అంగుళాల టీవీ గారి దివ్య సముఖానికి,

కోనసీమలో కొత్తపేట పక్క పల్లె నుంచి, మీ ఈఎంఐలు కట్టిన ఇంటి యజమాని రాసుకునే విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. మీ లోపల ఎప్పుడు క్షేమంగా ఉంటుందో తెలియజేయగలరు.

నిన్న రాత్రి తొమ్మిదింటికి మళ్ళీ సైరన్ మోగించారు. మా అమ్మ అప్పుడే చేపల పులుసు దించబోతోంది. ఆ కూత చెవినపడగానే పొయ్యి కట్టేసి, పెరట్లో ఆరేసిన బట్టలు లాక్కొచ్చి, పాసు పుస్తకాలున్న రేకుపెట్టెని మంచం మీదకి ఎక్కించేసింది. ఆవిడకి సైరనంటే తుఫానే. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో కొబ్బరిచెట్లు ఎలా కూలాయో చూసిన మనిషి. మాకు తెలిసిన ప్రమాద హెచ్చరికలు మూడే. అవి గోదావరి వరదకి ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఇస్తారు, మూడోది నీళ్ళు 17.75 అడుగులకి చేరితే. మీరు మోగించింది 1971 యుద్ధం సంగతికి.

"ఎప్పటి గొడవరా ఇది?" అంది. యాభై ఏళ్ళు దాటిందన్నాను.

"మరిప్పుడెందుకు కూస్తున్నాడు?"

దీనికి జవాబు మీరే చెప్పాలండి, ఆయ్. ప్రోగ్రాముల్లో ఆ సైరన్ మోత వాడొద్దని, జనానికి అలవాటైపోతే నిజంగా మోగినరోజు ఎవరూ పట్టించుకోరని 2025 మే 10న సివిల్ డిఫెన్స్ వాళ్ళు చానళ్ళకి చెప్పారు. ఆ మాట మీ చెవిదాకా వచ్చినట్టు లేదు. మోత అంత పెద్దగా ఉంటే ఎలా వస్తుంది లెండి.

మీ పంచాంగమే వేరు. మాకు కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, మాఘమాసంలో అంతర్వేది. మీకు జులై 26న కార్గిల్, అక్టోబరు 20న చైనా, డిసెంబరు 3 నుంచి 16 దాకా బంగ్లాదేశ్ యుద్ధం బ్రహ్మోత్సవాలు. పోయినవాళ్ళని తలుచుకోవద్దని నేననడంలేదు. కార్గిల్‌లో మనవాళ్ళు 527 మంది ప్రాణాలిచ్చారు. మీ గంట ప్రోగ్రాంలో ఆ పేర్లన్నీ ఒక్కొక్కటే చదివినా ఇంకా యాడ్స్‌కి టైం మిగులుతుంది. ఒక్క ఏడాదైనా చదివారా? గ్రాఫిక్స్‌లో విమానం ఎగరేసి, కింద మంట పెట్టి, "వాళ్ళు మారరు" అని అరిచే మనిషిని కూర్చోబెడతారు. ఆ "వాళ్ళు" ఎవరో మాత్రం చెప్పరు. ఆ ఖాళీ మేమే నింపుకోవాలి కాబోలు.

మా పెదనాన్నగారు ఆ 1971లో మిలటరీలోనే ఉన్నారు. వంటవాడిగా. మీ దగ్గర ఆ లొంగుబాటు సంతకం ఫొటో వచ్చినప్పుడల్లా ఆయనది ఒకటే గొణుగుడు: "93,000 మంది లొంగిపోయారని ఏటా చెబుతాడు. వాళ్ళకి అన్నం ఎవడు వండాడో ఒక్కసారైనా చెప్పాడా?" యుద్ధం 13 రోజుల్లో అయిపోయింది. ఈయనకి మాత్రం ఆ తర్వాత రెండేళ్ళపాటు జబల్పూర్ ఖైదీల క్యాంపులో పిండి పిసకడమే సరిపోయింది. రొట్టెల మందం మీద రోజూ పేచీట. పల్చగా కావాలని వాళ్ళు, ఇంతమందికి పల్చగా చేస్తే తెల్లారిపోతుందని ఈయన. శత్రువంటే ఆయనకి ఇప్పటికీ గుర్తొచ్చేది రొట్టె మందంగా ఉందని సణిగే మనిషే. ఇంకెవరూ గుర్తురారు. మీరు ఆ సంతకం దగ్గర ఆపేస్తారు. 1972లో సిమ్లా ఒప్పందం, ఆ మరుసటేడు ఢిల్లీ ఒప్పందం, 1974 నాటికి ఆ ఖైదీలు తిరిగి వెళ్ళిపోవడం, ఇవేవీ మీకు పనికిరావు. రైలెక్కి ఇంటికెళ్ళేవాడికి ఏ మ్యూజిక్ వేస్తారు పాపం.

ఇక చైనా. మా తమ్ముడికి అయిదెకరాల వనామీ రొయ్యల చెరువు ఉంది. రాత్రి మీతో గొంతు కలిపి, 1962 యుద్ధం నిన్న సాయంత్రం జరిగినట్టు చైనాని తిడతాడు. పొద్దున్న ఆరింటికి చెరువు గట్టు మీద నుంచి ఏజెంటుకి ఫోను. "బాబాయ్, చైనావాడు కొంటున్నాడా? వంద కౌంట్ ఎంత పలుకుతోంది?" రాత్రి కోపమంతా రొయ్యతో పాటు ఐసులో పడి చల్లబడిపోతుంది. అందుకని చైనా గురించి నాకేమీ బెంగ లేదండి. బేరం ఉన్నచోట కోపం నిలవదు. ఆ కోపం ఆనించుకోడానికి మనిషి దగ్గరలో, మన వీధిలోనే దొరికితేనే చిక్కు.

మా వీధి చివర టైలరు సాయిబు బాబాయ్ ఉన్నారు. ఆయన తెలుగు ముందు నా తెలుగు బలాదూర్. ఆయన చూసిన దూరపు ఊరు తుని, అదీ మేనకోడలి పెళ్ళికి. ఏటా పంద్రాగస్టుకి స్కూలు పిల్లల తెల్ల డ్రెస్సులు ఆయన మిషన్ మీద నుంచే వస్తాయి. మొన్న మావాణ్ణి ప్యాంటు కొలతలకి తీసుకెళ్ళాను. నాలుగో తరగతి. టేపు నడుముకి చుడుతుంటే తలెత్తి, మీ యాంకర్ గొంతుతోనే అడిగాడు:

"తాతా, మీరెవరి సైడు?"

సాయిబు బాబాయ్ చేతిలో సుద్దముక్క అలాగే ఆగిపోయింది. మిషన్ దగ్గర కూర్చున్న కుర్రాడు కూడా తొక్కడం ఆపేశాడు. నేను గోడ మీద క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాను, ఏ నెలో కూడా తెలీదు.

"సైడేంట్రా మనవడా," అన్నారాయన. "ముందు నీ పాత ప్యాంటు సైడు విప్పాలి. ఒళ్ళు చేశావు."

మావాడు నవ్వాడు. ఆయన నవ్వలేదు. కొలతలు కాగితం మీద రాసుకుంటూ, బేస్తవారం రమ్మన్నారు. నా వైపు చూడలేదు.

తప్పంతా మీ మీదకి తోసేస్తే పాపం తగులుతుందని తెలుసు. మీరు మా ఊరు రాకముందు ఇవన్నీ లేవా అంటే, బోలెడు. మా తాతగారికి మనుషుల్ని దూరం పెట్టడానికి కరెంటు కూడా అక్కర్లేకపోయేది. కానీ ఊక పొయ్యి చూశారా? మంట రాదు, ఆరదు, లోపల రాజుకుంటూనే ఉంటుంది. ఎవరూ కదపకపోతే ఎప్పటికో బూడిదవుతుంది. మీరు తొమ్మిదింటికొకసారి, మళ్ళీ పదకొండింటికి రిపీట్‌లో గొట్టం పెట్టి ఊదుతున్నారు. నేనేమో నెలనెలా కేబుల్ డబ్బులు కట్టి ఆ గొట్టం మీ చేతికి అందిస్తున్నాను.

నిజానికి యుద్ధం మా గుమ్మం దాకా వచ్చింది ఒక్కసారే. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలొచ్చి విశాఖపట్నం మీదా, మా కాకినాడ మీదా బాంబులేశాయి. అంతకు నెలముందే బర్మాలో రంగం, అదే రంగూన్, వాళ్ళ చేతికి చిక్కింది. పొట్ట చేత్తో పట్టుకుని బర్మా వెళ్ళిన మనవాళ్ళు ఎందరో అడవులు పట్టి నడిచొచ్చారు. కాకినాడ నుంచి బళ్ళు కట్టుకుని జనం పల్లెలకి పరిగెత్తారని మా తాతగారు చెప్పేవారు. లెక్కప్రకారం మాకు పగ ఉండాల్సింది జపాన్ మీద. ఎక్కడుంది? కాకినాడ పిల్లల్ని అడిగితే జపాన్ అంటే బైకంటారు, కార్టూనంటారు. జపాన్ గురించి "వాళ్ళు మారరు" అని ఎవరూ అరవలేదు. ఏటా ఏప్రిల్లో ఎవరూ సైరన్ మోగించలేదు. బాంబు పడ్డచోటేమో పగ లేదు, ఇక్కడికి ఎక్కడో దూరాన జరిగిన యుద్ధానికి మా టైలరు బాబాయ్ జవాబు చెప్పుకోవాలి.

కాబట్టి, మీకు అంతగా పాత యుద్ధాలే కావాలంటే వచ్చే ఏప్రిల్ 6న కాకినాడ బాంబుల మీద ఒక స్పెషల్ వేయండి. మా పాత తూర్పుగోదావరి జిల్లాకీ కొంచెం న్యాయం జరుగుతుంది.

ఇట్లు,
రిమోట్ ఎప్పుడూ చేతికందని
మీ ఇంటి యజమాని

తా.క.: పైన అడిగిన స్పెషల్ వద్దులెండి. ఏప్రిల్లో మాకు దాళ్వా వరి కోతలు. వచ్చే కోత మిషన్ జపాన్ కంపెనీది, అద్దె గంట లెక్కన. మీ ప్రోగ్రాం చూసి మావాడు దాని మీద రాయి విసిరాడంటే ఆ అద్దాల ఖర్చు నేను పడలేను.