రేకు తొట్టి రాజ్యాంగం

బ్రిటన్‌కు లిఖిత రాజ్యాంగం లేదని బళ్ళో చదువుకున్నాం. సగమే నిజం. లిఖితం కాకపోవచ్చు గానీ రాజ్యాంగం ఉండేది, నార్ఫోక్ పల్లెల్లో ఇంటి వెనక గోడకు మేకు కొట్టి వేలాడదీసేవారు. రేకుతో చేసిన స్నానాల తొట్టి. వారానికోసారి, శుక్రవారమో శనివారమో రాత్రి దాన్ని దించి, లోపల కాపురమున్న సాలీళ్ళను దులిపి, వంటింట్లో పొయ్యి ముందు పెట్టి, కాచిన నీళ్ళు పోసేవారు. నీళ్ళు ఒక్కసారే, మనుషులు మాత్రం ఇంటిల్లిపాదీ. ముందు నాన్న, తర్వాత అమ్మ, ఆపైన పిల్లలు వయసు వరసలో. చంటివాళ్ళను ముందు దించే ఇళ్ళూ ఉండేవట, అవి తీవ్రవాద కుటుంబాలై ఉంటాయి.

మనం చెంబుతో గుమ్మరించుకుని ఎవరి మురికి వాళ్ళే తూములోకి పంపుకునే జాతి, కాబట్టి ఇందులోని రాజకీయం చప్పున బుర్రకెక్కదు. నాకూ ఎక్కలేదు, ఇక్కడ నార్ఫోక్‌లో మా పక్కింటి పెద్దాయనా ఆయన చెల్లెలూ ఒక సాయంత్రం టీ తాగుతూ చిన్నతనం కబుర్లు మొదలుపెట్టేదాకా. ఆయన ఇంటికి పెద్దకొడుకు, అంటే మూడో నంబరు నీళ్ళు. ఆవిడ అయిదుగురిలో ఆఖరిది. ఏడో నంబరు.

ఆయన లెక్కలో ఆనాటి పల్లె అంటే స్వర్గమే. ఎవరూ తలుపులకు తాళాలు వేసేవారు కాదట (ఎత్తుకుపోవడానికి తొట్టి తప్ప ఏముందని). 1953 ఫిబ్రవరిలో మిఠాయిల మీద యుద్ధకాలం నాటి రేషన్ పరిమితి ఎత్తేశారు, అదే ఏడు జూన్ 2న ఎలిజబెత్ రాణిగారి పట్టాభిషేకం, బయట వాన, ఊళ్ళో టీవీ ఉన్న ఒకే ఒక్క ఇంట్లో అరచేయంత తెర ముందు ఊరంతా. బడిలో ఉచితంగా ఇచ్చే పాలు, పింటులో మూడో వంతు, అంటే చిన్న గ్లాసెడు పట్టే సీసా, చలికాలం గడ్డకట్టి మూతను పైకి తన్నేవట, టీచరమ్మ పొయ్యి పక్కన పెడితే వెచ్చబడేవట, ఆ రుచి ఇప్పటి పాలకు లేదట. చివరికి పెరటి కొసన ఉన్న మరుగుదొడ్డి, అందులో దారానికి గుచ్చిన పాత పేపరు ముక్కలు కూడా ఆయన నోట్లో కవిత్వమైపోయాయి.

"తలుపు తీసుకుని కూర్చుంటే నక్షత్రాలు కనిపించేవి" అన్నాడు.

"నాకెక్కడ కనిపిస్తాయి, నువ్వు బయట గడియ పెట్టి పోయేవాడివిగా" అంది ఆవిడ.

కాబట్టి ప్రభుత్వానికి నా మనవి ఏమిటంటే, బంగారు బాల్యం గురించి ఎవరు నోరు తెరిచినా ముందుగా తమ నీళ్ళ నంబరు ప్రకటించాలని చట్టం తేవాలి. మూడులోపు వాళ్ళ సాక్ష్యం సగానికే చెల్లాలి. నాలుగూ అయిదూ పరిశీలించవచ్చు. ఆరు దాటినవాళ్ళను మధ్యలో ఎవరూ ఆపకూడదు, అన్నయ్య అసలే ఆపకూడదు.

వాళ్ళ పాత ఇల్లు ఇప్పుడు లండన్ వాళ్ళది. మరుగుదొడ్డికి రంగేసి అందులో సైకిళ్ళు పెట్టుకున్నారు. మొన్న ముగ్గురం అటుగా నడుస్తుంటే ముంగిట్లో అచ్చం అలాంటి రేకు తొట్టే, నిండా ఎర్రటి పూల మొక్కలు. పెద్దాయన కళ్ళు చెమర్చాయి. ఆవిడ గేటు మీద చేతులానించి చాలాసేపు చూసింది.

"వీటికి రోజూ కొత్తనీళ్ళే పోస్తారనుకుంటా" అంది.