బాకు, బాకీ

మా తోడల్లుడు గారు బాకు చేశారు. చిన్న వాక్యమే. ఇందులో కర్మ బాకు. దసరా నాడు దాన్ని తిలకించిన మాది కూడా కర్మే కాబట్టి అక్కడ పేచీ లేదు. పేచీ అంతా కర్త దగ్గరే. హాల్లో గాజుపెట్టె కింద ఇత్తడి రేకు మీద ఇలా చెక్కించారు: 'స్వహస్తాలతో తయారు చేయబడినది'. కర్మణి ప్రయోగం ఎందుకుందో ఈ వయసులో తెలిసింది నాకు. చేసినవాణ్ణి వాక్యంలోంచి బయటికి గెంటడానికి.

ఆయనది నెల్లూరులో రొయ్యల మేత వ్యాపారం. వ్యాపారం నిలదొక్కుకున్నాక మనిషికి కళాతృష్ణ పుడుతుంది. ఎదురింటాయన వెంకటగిరి మగ్గం కొని డ్రాయింగు రూములో పెట్టుకున్నాడు గనుక ఈయనకు అంతకు మించింది కావాల్సి వచ్చింది. "డమాస్కస్ ఉక్కు బాకన్నా! నీళ్ళల్లో అలల్లాగా ఉంటది డిజైను!" అన్నాడు. ఆ ఊరు సిరియాలో ఉందనీ, ఆ కత్తులకు వాడే ఉక్కు, నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించింది, దానికోసం పర్షియా వర్తకులు వచ్చేవారనీ, పరాయివాళ్ళు 'వూట్జ్' అన్నది మన ఉక్కునే అంటారనీ చెప్పబోయాను. ఆ ఉక్కులో అలలు ముద్దలోంచే పుడతాయి, నువ్వు చెయ్యబోయేది రెండు రకాల ఉక్కును అతికి మడతపెట్టే పని, రెండూ ఒకటి కాదు నాయనా అని కూడా చెప్పబోయాను. "ఏదైనా డమాస్కసే గదన్నా" అన్నాడు. రొయ్యల మేత కూడా ఇట్లాగే అమ్ముతాడేమో.

పొదలకూరు దారిలో ఒక కమ్మరి కొలిమి ఉంది. లారీ కమాను పట్టీలతో కొడవళ్ళు, మచ్చుకత్తులు చేసే పెద్దాయనది. అక్కడికి మా వాడు కొరియర్లో తెప్పించిన పట్టీలు పట్టుకుపోయాడు. ఒక రకంలో కార్బన్ ఒక శాతానికి కాస్త తక్కువ, రెండో రకంలో నికెల్ రెండు శాతం. ఒకదాని మీద ఒకటి ఏడు పేర్చి, కాల్చి, వెలిగారం చల్లి, మళ్ళీ కాల్చి, సమ్మెటతో కొడితే అతుక్కుంటాయి. పన్నెండు వందల డిగ్రీల పైన మాట. కాక చాలకపోతే పొరలు విడిపోతాయి, మించితే ఉక్కు చిచ్చుబుడ్డిలాగా రవ్వలు కక్కి మాడిపోతుంది. మా వాడు తుపాకీలాంటి థర్మామీటరు గురిపెట్టాడు. అది 'ఎర్రర్' అంది. పెద్దాయన మంట రంగు చూసి "ఇప్పుడు" అన్నాడు.

అతుక్కున్న దిమ్మెను సాగగొట్టి, మడిచి, మళ్ళీ అతకాలి. ఐదు మడతలకు ఏడు పొరలు రెండువందల ఇరవై నాలుగవుతాయి. ఏ మడత కాజాకీ ఇంత వైభవం లేదు. నాలుగు రోజుల పని. అందులో మా వాడు స్వహస్తాలతో వేసిన దెబ్బలు లెక్కపెట్టాను: పదకొండు. ఆరు ఇనుము మీద, నాలుగు కింది దాగలి మీద, ఒకటి పెద్దాయన పట్కారు మీద. ఆ ఆరూ వీడియోలో ఉన్నాయి, నిదానంగా, సంగీతంతో.

పిడి ఉదయగిరి నుంచి వచ్చింది. నర్ది చెక్కతో గరిటెలు చెక్కే చేతులవి. అక్కడికి స్వహస్తాలు మొత్తం ఆరయ్యాయి. బాకు అలుగు పొడవు మాత్రం ఎనిమిదిముక్కాలు అంగుళాల దగ్గర ఆగింది. తొమ్మిది దాటితే ఆయుధాల నిబంధనలు అడ్డొస్తాయని ఎవరో భయపెట్టారట. ఇంటి పనిముట్లకూ సేద్యపు పనిముట్లకూ ఆ బెడద లేదు. ఈయన బాకు పనిముట్టు కాదని చట్టానికి కూడా ముందే తెలుసు.

చివర్లో ఫెర్రిక్ క్లోరైడులో ముంచితే కార్బన్ పొర నల్లబడి, నికెల్ పొర తెల్లగా నిలిచి అలలు బయటపడతాయి. ముంచింది మా మరదలి ఆవకాయ జాడీలో. ఆ సంసారం సంగతి వదిలేద్దాం.

దసరా వచ్చింది. ఎర్ర వెల్వెట్ మీద బాకు, పక్కన కారు తాళాలు, మిక్సీ, కత్తిపీట. పూజారి దిష్టికి నిమ్మకాయ కొయ్యమన్నాడు. మా వాడు బాకు ఎత్తాడు. అంచుకు పదును పెడితే డిజైను చెరుగుతుందని పెట్టనివ్వలేదన్న సంగతి ఆ క్షణాన గుర్తున్నట్టు లేదు. మొదటి నిమ్మకాయ ఎగిరి చెప్పుల స్టాండు కిందికి పోయింది. గూడూరు కాయ, పౌరుషం గలది. రెండోదాన్ని బావమరిది రెండు చేతులతో పట్టుకున్నాడు. మా వాడు నొక్కాడు. కాయ తెగలేదు, చితికింది. రసం బావమరిది కంట్లో ఒక పాయ, బాకు మీద ఒక పాయ. కార్బన్ ఉక్కుకు పులుపు పడదు. కళ్ళముందే అలల మీద నల్ల మచ్చలు తేలుతున్నాయి. "కొబ్బరినూనె! కొబ్బరినూనె!" అని మా వాడి కేకలు. పూజారి మంత్రం ఆపలేదు, అదొక్కటే మెచ్చుకోవాలి. మా అత్తగారు "నిమ్మకాయ తెగలా అబ్బయా, ఇంకేంది దీనికి పూజ?" అంటూ కత్తిపీట లాక్కుని మూడో కాయను ఒక్క వేటుకు రెండు చేశారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. వీడియో తియ్యడానికి కొలిమి దగ్గర నిలబడ్డవాణ్ణి నేనే. "పెద్దాయనా, నీ పంచె ఫ్రేములో పడతా ఉండాది, కొంచెం పక్కకు జరుగు" అన్నాడు మా వాడు. నాలుగు రోజులు నిప్పులో చేతులు పెట్టినాయన, తన కొలిమి దగ్గర, తన దాగలి పక్కనుంచి జరిగాడు! సిగ్గులేదటయ్యా? ఆ మసిపట్టిన చేతులు లేకపోతే నీ డమాస్కస్ పాత ఇనుప కొట్లో తూకానికి పోయేది. ఐదు వేలు మాట్లాడి రెండు వేలిచ్చి, "మిగతాది చూస్తాలే" అన్నావు. ఇత్తడి రేకు చెక్కినవాడికి రెండున్నర వేలు అక్కడికక్కడే చెల్లించావు. అబద్ధానికి రొక్కం, పనికి బాకీ! ఫోను పట్టుకుని గుడ్లప్పగించి చూసిన నన్ను కూడా ఆ కొలిమిలోనే పెట్టాలి.

నిన్న ఫోన్ చేశాడు. ఈసారి జపాన్ కత్తట, ఇంకా పెద్దదట. ఆ కమ్మరాయన నంబరు కావాలన్నాడు. ఫోన్ మార్చినప్పుడు పోయిందట. ఏ పేరుతో పెట్టుకున్నావని అడిగాను.

"హెల్పర్ అని ఉండిందన్నా."

నంబరు ఇచ్చాను. అంతకుముందే పెద్దాయనకు ఫోన్ చేసి, మూడు వేలూ చేతిలో పడందే తిత్తి ఊదవద్దని చెప్పాను.