జైలుకు పంపితే పొరపాట్లు ఆగుతాయా?

ఆసుపత్రిలో మందు మారి రోగి చనిపోయాడన్న వార్త రాగానే వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతుంది: "ఆ నర్సునో డాక్టర్నో జైల్లో వేస్తే మిగతావాళ్లు దారికొస్తారు. ఇన్సిడెంట్ రిపోర్టులన్నీ కప్పిపుచ్చడానికే. రిపోర్టులు ఎక్కువున్న ఆసుపత్రి గడప తొక్కకండి." అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్ల కోపం న్యాయమైనదే. ఈ మెసేజ్‌లోని మూడు మాటలు మాత్రం తప్పు. ఇన్సిడెంట్ రిపోర్టంటే, జరిగిన పొరపాటునో జరగబోయి తప్పినదాన్నో ఆసుపత్రి సిబ్బంది రాసిచ్చేది.

ముందు జైలు సంగతి. అమెరికాలోని నాష్‌విల్, వాండర్‌బిల్ట్ ఆసుపత్రి, 2017 డిసెంబరు. 75 ఏళ్ల పెద్దావిడకు స్కానింగ్‌కి ముందు ఆందోళన తగ్గడానికి వెర్సెడ్ అనే మందు ఇవ్వాలి. మందులిచ్చే కంప్యూటర్ బీరువాలో నర్సు మొదటి రెండక్షరాలు 'వి', 'ఇ' కొట్టింది. ఆ మందు అందులో మిడజోలం అనే జనరిక్ పేరుతో ఉంది కాబట్టి దొరకలేదు. ఓవర్‌రైడ్ (బీరువా అడ్డును దాటే బటన్) నొక్కి మళ్లీ అవే అక్షరాలు కొడితే వెక్యురోనియం వచ్చింది. ఊపిరి తీసే కండరాలతో సహా ఒళ్లంతా స్తంభింపజేసే మందు అది. సీసా మూత మీద హెచ్చరిక ఉన్నా నర్సు గమనించక అదే ఎక్కించింది, పెద్దావిడ చనిపోయింది. నిర్లక్ష్యమే, కాదనను.

తర్వాతేం జరిగిందో కూడా చూడాలి కదా. పొరపాటు బయటపడగానే నర్సు ఒప్పుకుంది. ఆసుపత్రి మాత్రం రాష్ట్ర అధికారులకు తెలపలేదు. 2018లో పేరు చెప్పని వ్యక్తి ఫిర్యాదు చేస్తే గానీ తనిఖీ జరగలేదు. 2022లో కోర్టు నర్సును దోషిగా తేల్చి మూడేళ్ల ప్రొబేషన్ (జైలు బదులు అధికారుల నిఘా) వేసింది. దాచిన ఆసుపత్రి మీద క్రిమినల్ కేసే లేదు. నిజం చెప్పినవాళ్లే బోనెక్కితే, రేపు ఇంకో నర్సు నోరు విప్పుతుందా? మందుల భద్రతా నిపుణులు సూచించింది వేరు: కనీసం ఐదక్షరాలు కొడితేనే మందు పేరు కనిపించాలని. అలా చేస్తే అలసిపోయిన నర్సునూ కొత్తగా చేరిన నర్సునూ కూడా ఆ బీరువాయే ఆపుతుంది.

ఇంగ్లండ్‌లోనూ ఇదే కథ. విన్‌క్రిస్టీన్ అనే క్యాన్సర్ మందును నరంలోకే ఎక్కించాలి, వెన్నులోకి వెళితే దాదాపుగా ప్రాణం పోయినట్టే. 2001 చివరికల్లా ఈ రకం మరణాలు లేకుండా చేయాలని 2000లోనే ప్రభుత్వ నివేదిక లక్ష్యం పెట్టింది. 2001 జనవరిలో నాటింగ్‌హామ్‌లో 18 ఏళ్ల కుర్రాడికి అదే జరిగింది. డాక్టర్ జైలుకెళ్లాడు. అయినా 2007లో హాంకాంగ్‌లో అదే పొరపాటు ఇంకో ప్రాణం తీసింది. ఆ ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మందును సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ సంచీలో కలిపి పంపమంది. సంచీని చూసి వెన్నులోకి ఎక్కించే మందు అని ఎవరూ పొరబడరు.

రిపోర్టులు కప్పిపుచ్చడానికే అన్నది రెండో మాట. వాండర్‌బిల్ట్‌లో నిజం తొక్కిపెట్టింది రిపోర్టు కాదు, రిపోర్టు పైకి పంపకపోవడం. అలాగని ఎవరినీ శిక్షించొద్దని నేననను. తప్పు దాచడానికి కేసుషీటు మార్చినవాళ్లనూ, తాగి డ్యూటీకొచ్చినవాళ్లనూ వదలకూడదు. మన సుప్రీంకోర్టు కూడా 2005లో జాకబ్ మాథ్యూ కేసులో, డాక్టర్‌పై క్రిమినల్ నేరం నిలవాలంటే అది తీవ్రమైన నిర్లక్ష్యమై ఉండాలని చెప్పింది.

ఇక రిపోర్టుల సంఖ్య. ఇంగ్లండ్‌లో ఏటా 20 లక్షలకు పైగా వస్తాయి, ఎక్కువ శాతం రోగికి ఏ హానీ జరగనివే. తప్పుడు సీసా చేతిలోకి తీసుకుని, ఎక్కించకముందే గమనించి రాసినవి కూడా అందులో ఉంటాయి. ఎవరి ప్రాణమూ పోకుండా నేర్చుకునే అవకాశం అక్కడే ఉంది. వందల పడకలున్న ఆసుపత్రి "మాకు ఏడాదంతా ఒక్క రిపోర్టూ రాలేదు" అంటేనే నాకు భయం. రాసినవాళ్లకు జవాబు రాకపోయినా, దాన్నిబట్టి ఏమీ మారకపోయినా ఆ రిపోర్టుల రిజిస్టరు దండగే. సూపరింటెండెంట్‌ను నిలదీయాల్సింది దాని గురించి.

మనమూ రిపోర్టు చేయొచ్చు. మందు వికటిస్తే రోగి గానీ ఇంట్లోవాళ్లు గానీ భారత ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ఫలితాలపై నిఘా) కార్యక్రమం టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024కి ఫోన్ చేయొచ్చు. రిపోర్టు రాసే ఫారం తెలుగులోనూ ఉంది.