లెక్కలోకి రాని నాలుగో సబ్జెక్టు

మే నెల మొదటి వారం. బెంగళూరులో కేఆర్‌ పురం వైపు ఒక పీయూ (ఇక్కడి ఇంటర్) కాలేజీ అడ్మిషన్ కౌంటర్ ముందు మా పక్క ఫ్లాట్ అమ్మాయి, వాళ్ల నాన్న, వెనకాల నేను. ఆయనది కదిరి. "నువ్వూ రా అన్నా, ఈ కాంబినేషన్ల గోల నాకు అర్థం కాదు" అంటే తోడు వెళ్లాను. ఫీజు, బస్సు, కోచింగ్ టైమింగులు... వీటికి అరగంట పట్టింది. అన్నీ అయ్యాక క్లర్కు పెన్ను అందుకుని, "ఫోర్త్ సబ్జెక్ట్ ఏం రాయమంటారు?" అన్నాడు. మావాడు నా వైపు తిరిగాడు. "ఏమన్నా, బీ పెట్టేద్దామా? రేపు డాక్టరవుతానంటే ఎట్ల?" అమ్మాయి మెల్లగా "స్టాటిస్టిక్స్" అంది. "ఆ సెక్షన్ లేదమ్మా" అన్నాడు క్లర్కు, తలెత్తకుండానే. మొత్తం రెండు నిమిషాలు.

ఆంధ్రాలోనో తెలంగాణలోనో ఇంటర్ చదివిన మాలాంటివాళ్లకి ఆ నాలుగో అక్షరమే కొత్త. మనకి ఎంపీసీ అంటే ఎంపీసీయే, అందులో అడగడానికేముంది? (ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి లెక్కలు, జీవశాస్త్రం కలిపి చదివే ఎంబైపీసీ వచ్చింది. మా రోజుల్లో అలా అడిగినవాణ్ణి వింతగా చూసేవాళ్లు.) కర్ణాటక పీయూసీలో రెండు భాషలు, నాలుగు ఐచ్ఛికాలు. ఒక్కోటి వంద చొప్పున 600 మార్కులు. సైన్సు పిల్లల్లో ఎక్కువమందికి ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ ఎటూ ఉంటాయి. మిగిలేది చివరి అక్షరం. బి అంటే బయాలజీ, సి కంప్యూటర్ సైన్స్, ఇ ఎలక్ట్రానిక్స్, ఎస్ స్టాటిస్టిక్స్. పీసీఎంబీ, పీసీఎంసీ అని ఊరంతా మంత్రంలా జపించేది ఇదే. కామర్సులో ఎకనామిక్స్, బిజినెస్, అకౌంటెన్సీ ఎటూ ఉంటాయి, తేడా మొదటి అక్షరంలో ఉంటుంది: సీఈబీఏ, హెచ్‌ఈబీఏ, ఎస్‌ఈబీఏ. కంప్యూటరా, హిస్టరీనా, స్టాటిస్టిక్సా అన్నంతవరకే.

పేరుకి ఐచ్ఛికాలు నాలుగు, నిజంగా ఇచ్ఛ ఉన్నది ఒక్కదానిలో. దానికీ ర్యాంకు దగ్గర విలువ లేదు. ఇంజినీరింగ్ సీఈటీ (కర్ణాటక ప్రవేశ పరీక్ష) ర్యాంకులో సగం సీఈటీ మార్కులది, సగం సెకండ్ పీయూలో పీసీఎం మార్కులది. నాలుగో సబ్జెక్టులో నూటికి నూరు తెచ్చుకున్నా ర్యాంకు ఒక్క మెట్టు ఎక్కదు. జేఈఈ మెయిన్ ర్యాంకుకి బోర్డు మార్కులతో పనే లేదు. ఎన్‌ఐటీలో చేరడానికి ఐదు సబ్జెక్టుల్లో 75 శాతమో, బోర్డులో పై 20 పర్సంటైల్‌లో చోటో ఉండాలి కానీ, అది గడప దాటడానికి మాత్రమే.

అందుకే కోచింగ్ కలిపి నడిపే క్యాంపస్‌లలో నాలుగో సబ్జెక్టు బతుకు సవతి బిడ్డ బతుకు. మా బంధువుల అబ్బాయి ఒకడు మారతహళ్లి వైపు అలాంటిదాంట్లో రెండేళ్లు చదివాడు. ఎలక్ట్రానిక్స్ పీరియడ్ శనివారం ఆఖరి గంట. జేఈఈ మాక్ టెస్టు ఉంటే అదీ రద్దు. బ్రెడ్‌బోర్డు మీద లాజిక్ గేట్లు కట్టాల్సిన ప్రాక్టికల్స్‌కి ముందు సంవత్సరం పిల్లల రికార్డు చూసి రికార్డు రాశారు. ఎల్‌ఈడీ వెలిగిందా అనడిగితే వాడు నవ్వి, "రికార్డులో వెలిగింది బాబాయ్" అన్నాడు.

ఇలాంటి చోట చాలామంది అడిగే పరిష్కారం నాలుగో సబ్జెక్టునీ ర్యాంకులో కలపమని. నేను ఒప్పుకోను. కలిపిన మర్నాడే దానికో మెటీరియల్, దానికో క్రాష్ కోర్సు, మారతహళ్లి బ్రిడ్జి కింద దానికో ఫ్లెక్సీ లేస్తాయి. భాషల్ని పక్కనపెడితే, పదహారేళ్ల పిల్ల దినచర్యలో ర్యాంకు లెక్కకి చిక్కకుండా మిగిలిన సబ్జెక్టు ఇదొక్కటే. తప్పు చేసినా కొంప మునగదు, అడగాలనిపించింది అడగొచ్చు. లెక్కలోకి రాకపోవడమే దాని సుగుణం. మన బాధల్లా ఆ సుగుణాన్ని పారబోసి, దాన్ని ఒక బీమా పాలసీలా వాడుకోవడం.

బీమా అంటే బయాలజీ. "రెండు దారులూ తెరిచి ఉంటాయి కదా" అని తల్లిదండ్రులు పెట్టించే బి. ఇష్టమున్న పిల్లలకి అంతకంటే మంచిది లేదు. ఇష్టం లేకుండా కేవలం తలుపు మూసుకుపోతుందన్న భయంతో పెట్టించేవాళ్లు మాత్రం ఒకటి గమనించాలి. 2023 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ నిబంధన మార్చింది. పన్నెండులో బయాలజీ లేనివాళ్లు తర్వాత గుర్తింపున్న బోర్డు నుంచి దాన్ని అదనపు సబ్జెక్టుగా రాసి పాసైనా నీట్‌కి అర్హులే. తాళం ఎప్పుడైనా తీసుకోవచ్చన్నమాట. దానికోసం రెండేళ్లపాటు ఇష్టంలేని పిల్లని గుమ్మంలో నిలబెట్టక్కర్లేదు. సి సంగతి ఇంకో రకం. కంప్యూటర్ ఇంజినీరింగ్ సీటు రావాలంటే పీయూలో కంప్యూటర్ ఉండాలనుకునేవాళ్లని ఇప్పటికీ కలుస్తుంటాను. అక్కర్లేదు. ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో ప్రోగ్రామింగ్ ఓనమాల నుంచే మొదలుపెడతారు.

మరి ఆ అమ్మాయి స్టాటిస్టిక్స్ ఎందుకంది?

దాని వెనక ఒక నోట్‌బుక్ ఉంది. 2024 ఎండాకాలంలో బెంగళూరు నీళ్లకి అల్లాడినప్పుడు మా అపార్ట్‌మెంట్ బోర్లు ఎండిపోయాయి. వాళ్ల నాన్న అసోసియేషన్‌లో ఉన్నాడు, ట్యాంకర్ల లెక్క చూసే పని నెత్తిన పడింది. ఆయనకి ఆఫీసు, అందుకని లెక్క కూతురికి అప్పజెప్పాడు. మొదట తారీఖు, ట్యాంకర్ల సంఖ్య, ధర మాత్రం రాసింది. రెండు వారాలకి వారంలో ఏ రోజు అన్న గడి చేరింది, తర్వాత బోరు ఎన్ని గంటలు నడిచింది అన్నది. జూన్‌లో మీటింగు పెట్టి "రోజుకి సగటున మూడు ట్యాంకర్లు, నెలకి ఇంత వసూలు చేద్దాం" అని పెద్దవాళ్లు తేల్చేస్తుంటే ఈ పిల్ల లేచి, "సగటు చూస్తే మోసపోతాం అంకుల్. వారానికో రోజు సీమంతమో పుట్టినరోజో ఉండి ఏడేసి వచ్చాయి, ఆ రోజులే లెక్కని పైకి లాగాయి. మామూలు రోజున రెండే" అంది. మధ్యస్థం (అంకెల్ని వరసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో పడేది) అన్న మాట దానికి అప్పటికి వచ్చో రాదో. అది చూపించింది మధ్యస్థాన్నే. నెలవారీ వసూలు తగ్గింది.

వాళ్ల నాన్న పొద్దస్తమానం చేసేది ఇదే పని. వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీకి అమ్మకాల అంకెల్ని తెరమీద పటాలుగా చూపే డ్యాష్‌బోర్డులు కడతాడు. ఆయనే కౌంటర్ దగ్గర "స్టాటిస్టిక్స్ చదివి ఏం చేస్తావమ్మా?" అన్నాడు. నేను నవ్వాపుకోలేకపోయాను, ఆయనకి కాస్త కోపమొచ్చింది కూడా.

తెలుగువాళ్లం ఈ సబ్జెక్టుని చిన్నచూపు చూడటం మరీ అన్యాయం. గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు తెలుగు కుటుంబంలో, 1920లో, ఇప్పటి కర్ణాటకలో ఉన్న హడగలిలో పుట్టారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివింది గణితం. ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లినప్పుడు అక్కడి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సంగతి తెలిసి అందులో చేరారు. 1945లో, పాతికేళ్ల వయసులో ఆయన రాసిన పరిశోధనపత్రంలోని ఫలితాన్ని ప్రపంచం ఇప్పటికీ క్రామర్-రావు హద్దు (ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పేది) అని పిలుస్తుంది. 2023లో స్టాటిస్టిక్స్‌లో అంతర్జాతీయ బహుమతి వచ్చింది, అదే ఏడాది 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అంతటివాడికీ ఈ శాస్త్రం దారిలో తారసపడిందే గానీ కౌంటర్ దగ్గర ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఫారంలోనే ఆ గడి ఉంది, ఆ సంస్థకి మన మైసూరు రోడ్డు మీద శాఖా ఉంది. లేనిది సెక్షన్.

సెక్షన్ ఎందుకు లేదన్న ప్రశ్నకి జవాబు చదువులో లేదు, జమాఖర్చులో ఉంది. పన్నెండుమంది పిల్లల కోసం ఒక లెక్చరర్ జీతం, ఒక గది, టైంటేబుల్లో ఒక చిక్కు. అరవైమందిని ఒకే బ్యాచ్‌గా పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే గదిలో కూర్చోబెట్టి, లెక్చరర్లనే మార్చడం యాజమాన్యానికి సుఖం. ఎంపిక అంటేనే పీరియడ్ గంట కొట్టినప్పుడు పిల్లలు లేచి వేర్వేరు గదులకి వెళ్లడం. మన కార్పొరేట్ కాలేజీలకి పడనిది సరిగ్గా అదే.

భాషల దగ్గరా ఇదే తంతు. పీయూసీ భాషల జాబితాలో తెలుగు ఉంది. చెప్పేవాళ్లున్న కాలేజీలు వెతుక్కోవాలి. దొరికినా మార్కులొస్తాయని సంస్కృతం వైపు పోయేది మనవాళ్లే. సీబీఎస్ఈ అయితే ఆంధ్రా తెలుగుకి ఒక కోడ్, తెలంగాణ తెలుగుకి ఇంకో కోడ్ ఇచ్చి మరీ పిలుస్తోంది. బెంగళూరు సీబీఎస్ఈ స్కూళ్లలో మాత్రం పదకొండులో ఐదో సబ్జెక్టు అంటే చాలామందికి ఫిజికల్ ఎడ్యుకేషన్ లేదా కంప్యూటర్.

2020 జాతీయ విద్యా విధానం సైన్సుకీ ఆర్ట్స్‌కీ మధ్య గోడలు వద్దంది. 2023 పాఠ్యప్రణాళిక చట్రం ఇంకో అడుగు వేసి, 11, 12 తరగతుల్లో రెండు భాషలు కాక తీసుకునే నాలుగు సబ్జెక్టులు కనీసం రెండు వేర్వేరు గ్రూపుల నుంచి ఉండాలంది. ఫిజిక్స్‌తో సంగీతమో చరిత్రో చదవొచ్చన్నమాట. వినడానికి ఎంత బాగుందో! నాకు మాత్రం కౌంటర్ దగ్గర తలెత్తని ఆ క్లర్కే కళ్లముందు మెదిలాడు. గోడలు కూల్చినా అటువైపు గదిలో మాస్టారు ఉండాలి కదా. కొత్త కాంబినేషన్ల జాబితా అచ్చువేయడం కంటే, దగ్గర్లో ఉన్న నాలుగైదు కాలేజీలు కలిసి ఒక లెక్చరర్ని పెట్టుకుని, శనివారం పూట ఒకచోట క్లాసు నడిపే వీలు కల్పిస్తే ఎక్కువ ప్రయోజనం. హాజరు ఎవరి రిజిస్టర్లో వేయాలన్నది తేలిస్తే సగం పనైనట్టే.

ఆ రోజు ఫారంలో సి రాయించి, అడ్వాన్సు కట్టి వచ్చాం. దారంతా అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. రాత్రి తొమ్మిదింటికి వాళ్ల నాన్న మా గుమ్మంలో నిలబడ్డాడు. జయనగర్లో ఒక కాలేజీలో ఎస్ సెక్షన్ ఉందట, ఫోన్ చేసి కనుక్కున్నాడు.

"కట్టిన డబ్బులు వెనక్కిస్తారో లేదో. అది సరేగానీ అన్నా, ఇక్కడ మెట్రో ఎక్కి మెజెస్టిక్‌లో మారితే పొద్దున ఎనిమిదింటికల్లా పాప జయనగర్లో దిగుతుందంటావా?"